లంక చుట్ట ఘాటు: కొత్తవారికి కొంచెం చరిత్ర

ఈ దేశంలో స్థిరపడిన మన కుటుంబాల్లో చుట్ట ముట్టించేవారు దాదాపు లేరనే చెప్పాలి. అయినా ఏడాదికి ఒకటి రెండు సందర్భాల్లో, స్నేహితుడికి బిడ్డ పుట్టినప్పుడో, ఆఫీసులో ఎవరిదైనా రిటైర్‌మెంటు విందు జరిగినప్పుడో, ఎవరో ఒకరు ఓ సిగారు తీసి మన చేతిలో పెడతారు. మర్యాదకు పుచ్చుకుంటాం. ఆ పైన సరదా పుట్టి దుకాణానికి వెళితే అమ్మేవాడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: తేలికదా, మధ్యరకమా, ఘాటుదా? మనం తెల్లమొహం వేస్తాం. ఇదేదో హవానా నుంచి వచ్చిన విద్య, మనకు సంబంధం లేనిది అనుకుంటాం.

నిజానికి ఈ ప్రశ్న మన గోదావరి గట్టున పాతబడిపోయిన ప్రశ్న. పొగాకు ఘాటును ఆకు చూసి, వాసన చూసి, నిప్పు పెట్టి చూసి నిర్ణయించే విద్య మన తాతలకు కరతలామలకం. ఆ విద్యలో ఓ తెలుగు మాట ఇంగ్లీషు నిఘంటువుకీ, లండన్‌లో అచ్చయిన ఓ ప్రసిద్ధ నవలకీ కూడా ఎక్కింది. ఆ విద్యకు మన ఆడవాళ్ళు చెల్లించిన మూల్యం వైద్యశాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టవుతుందని మా ఉద్దేశం. అందుకే ఈ వ్యాసం.

పేరు, పుట్టుక

ముందు మాట సంగతి చూద్దాం. చుట్టేది కనుక చుట్ట. అరవంలో సురుట్టు అన్నా భావం అదే. ఇంగ్లీషువాళ్ళు దక్షిణాదిన ఈ మాట విని 'చెరూట్' చేసుకున్నారు. సిగారు అనే మాట స్పానిషు నుంచి వచ్చింది; చెరూట్ మాత్రం మన దక్షిణ దేశపు మాట. రెండు కొసలూ కోసినట్టు తెరిచి ఉండేదాన్ని చెరూట్ అనీ, నోట్లో పెట్టుకునే కొసను మూసి గుండ్రంగా చేసినదాన్ని సిగారు అనీ పాశ్చాత్య వర్తకులు తేడా చూపిస్తారు.

ఆకు మాత్రం మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టిన మొక్క ఇది. పోర్చుగీసు ఓడల మీద పదహారో శతాబ్దంలో మన పడమటి తీరానికి చేరింది. బీజాపూరుకు రాయబారిగా వెళ్ళిన అసద్ బేగ్ అక్కడ పొగాకు చూసి, 1604 ప్రాంతంలో అక్బరు పాదుషాకు తెచ్చి చూపించాడు. ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్ళకే, 1617లో, జహంగీరు పొగతాగడాన్ని నిషేధించాడు. నిషేధం నిలవలేదు. ఇంత త్వరగా వ్యాపించిన మొక్కలు మన దేశ చరిత్రలో కొద్దిగానే ఉన్నాయి: మిరప ఒకటి, పొగాకు ఒకటి. రెండింటికీ తెలుగుదేశంలో గుంటూరు సీమే పెద్ద పుట్టిల్లుగా మారడం మరో తమాషా.

పరాయి మొక్కను సొంతం చేసుకోవాలంటే దానికి ఓ పురాణం కట్టాలి. ఆ పని ఎంత సులువో గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కం'లో చూపించారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో పెంచి రాసిన ఆ నాటకంలో గిరీశం చుట్ట ముట్టించి, శిష్యుడు వెంకటేశానికి పొగాకు అమృతపు చుక్కలోంచి పుట్టిందని పద్యం చదివి వినిపిస్తాడు. సంస్కృత పురాణాన్ని సాక్ష్యం కూడా పిలుస్తాడు. చదువుకున్న ప్రేక్షకుడు నవ్వేది అక్కడే. పోర్చుగీసువాడు తెచ్చిన ఆకుకు పురాణంలో చోటు ఎక్కడిది? కానీ గురజాడవారి వేళాకోళంలో ఓ నిజం ఉంది. కొత్తవాడికి పొగ అలవాటు చేసేవాడు ఎప్పుడూ ఘాటు గురించి మాట్లాడడు. గౌరవం గురించి మాట్లాడతాడు. చుట్ట తాగితే పెద్దమనిషివి, నాగరికుడివి అంటాడు. ఈనాటి సిగారు దుకాణాల్లో వినిపించే మాటలకీ, గిరీశం మాటలకీ తేడా కొద్దే.

లంకలు

ఇక ఘాటు ఎక్కడ పుట్టిందో చూద్దాం. లంక అంటే రావణాసురుడి లంక కాదు. నది మధ్యలో మేట వేసి పైకి తేలిన నేల. ధవళేశ్వరానికి దిగువన గోదావరి పాయలుగా చీలిన చోటల్లా ఇలాంటి లంకలు ఉన్నాయి. బొబ్బర్లంక, ఎదుర్లంక, అయోధ్యలంక వంటి ఊళ్ళ పేర్లలోనే ఆ సంగతి తెలుస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా అంతా వరి మాగాణి అయింది. కానీ లంకల తీరు వేరు. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి పొంగి లంకను ముంచుతుంది. వరద తీసేటప్పటికి కొత్త ఒండ్రు పరుచుకొని ఉంటుంది. ఆ ఒండ్రు మీద శీతకాలపు పంటగా పొగాకు నాటుతారు. సంక్రాంతి దాటాక ఆకు కోతకు వస్తుంది.

ఒండ్రు ఏటేటా కొత్తది కావడంలో ఓ లాభం ఉంది. పొగాకుకు ఉప్పు నేల, ఉప్పు నీరు పడితే ఆకు సరిగా కాలదు. నిప్పు నిలవదు, మాటిమాటికీ ఆరిపోతుంది. అలాంటి ఆకు నమలడానికి పనికొస్తుంది కానీ చుట్టకు పనికిరాదు. నది కడిగిన లంక నేలలో ఆ బాధ తక్కువ. అందుకే లంక పొగాకుకు కాలే గుణంలో పేరు వచ్చింది.

ఘాటుకు మాత్రం నేల ఒక్కటే కారణం కాదు, రైతు చెయ్యి కూడా కారణమే. మొక్క పూతకు వచ్చే సమయానికి తల తుంచేస్తారు. ఆ తర్వాత పక్కల నుంచి పిలకలు వస్తే అవీ తీసేస్తారు. పువ్వుకూ, గింజకూ పోవలసిన బలమంతా ఆకుల్లోకి మళ్ళుతుంది. ఈనాటి శాస్త్రం చెప్పేదీ ఇదే: నికొటిన్ తయారయ్యేది మొక్క వేళ్ళలో, అక్కడి నుంచి ఆకుకు చేరుతుంది, తల తుంచితే మొక్క మరింత నికొటిన్ తయారుచేస్తుంది. ఈ రసాయనం పేరు తెలియకుండానే దాని ఫలితం మన రైతుకు తెలుసు.

కోసిన ఆకును ఆరబెట్టి, తర్వాత కుప్పవేసి మగ్గబెడతారు. కుప్ప లోపల వేడి పుడుతుంది. తిరగేసి మళ్ళీ కుప్పవేస్తారు. ఈ మగ్గడంలో పచ్చివాసన పోతుంది, గొంతు పట్టుకునే కారం కొంత తగ్గుతుంది, రంగు ముదురుతుంది. మగ్గని ఆకు చుట్టితే మొదటి దమ్ముకే దగ్గు. బాగా మగ్గిన ఆకు దగ్గు తెప్పించదు కానీ తల తిప్పుతుంది. ఈ రెండూ వేరు వేరు సంగతులని మన పాఠకులు గుర్తుంచుకోవాలి. దీని మాట మళ్ళీ వస్తుంది.

నిఘంటువులో ఒకసారి, నవలలో ఒకసారి

లంకల ఆకు కాలువల మీద పడవల్లో కాకినాడ రేవుకు చేరేది. అక్కడి నుంచి రంగూనుకు ఓడ ఎక్కేది. కాకినాడ నుంచి రంగూనుకు కూలికి పోయిన మన వాళ్ళు ఏ ఓడలో వెళ్ళారో ఆ ఓడలోనే వాళ్ళ పొగాకు కూడా వెళ్ళింది. బర్మా చుట్టలకు ప్రపంచంలో పేరు వచ్చిందంటే అందులో గోదావరి ఆకుకూ వాటా ఉంది.

మద్రాసులో ఈ చుట్టకు 'లుంకా' అని పేరు పడింది. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఆంగ్లో-ఇండియన్ మాటలకు పెద్ద కోశం. అందులో 'లుంకా' ఉంది. గోదావరి డెల్టా లంకల్లో పండే పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట ఇదనీ, మద్రాసులో దీనికి మంచి గిరాకీ అనీ దాని తాత్పర్యం. మన లంక ఇలా ఇంగ్లీషు మాట అయింది. దాని పక్కన పడిన మొదటి విశేషణమే 'ఘాటు'.

నాలుగేళ్ళ తర్వాత, 1890లో, ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' వెలువడింది. అందులో షెర్లాక్ హోమ్స్ పొగాకు నుసులను పోల్చుకోవడం మీద తాను ఒక పుస్తకమే రాశానని డాక్టర్ వాట్సన్‌తో చెబుతూ, హంతకుడు తాగింది ఇండియా లుంకా అని తేలితే వెతకవలసిన పరిధి ఎంత తగ్గిపోతుందో వివరిస్తాడు. 1887లో వచ్చిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో తిరుచినాపల్లి చుట్ట నుసి ఉంది. ఇందులో దానికి తోడు మన లంక చుట్ట వచ్చి చేరింది. ప్రపంచం నలుమూలలా ఆ నవల చదివినవారిలో ఎందరికి ఆ మాట తెలుగని తెలిసి ఉంటుంది? మనలో చాలామంది బడిలో ఆ నవల చదివి, ఆ మాట దగ్గర ఆగకుండా దాటిపోయాం. అదే కానన్ డాయిల్ 1920లో ఈ దేశానికి వచ్చి అడిలైడ్, మెల్బోర్న్, సిడ్నీ నగరాల్లో ఆత్మల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. అప్పటికి ఇక్కడ ఆ మాట విప్పి చెప్పగల తెలుగువాడు సభలో ఉండే అవకాశం లేదు. వలస చట్టాలు మన వాళ్ళను ఈ గడ్డ మీదికి రానివ్వని రోజులవి.

ఘాటు అంటే ఏమిటి?

ఇప్పుడు దుకాణంవాడి ప్రశ్నకు వద్దాం. సిగారు విషయంలో కొత్తవారు చేసే పొరపాటు ఒకటుంది: రంగు చూసి ఘాటును అంచనా వేయడం. నల్లగా ఉంటే ఘాటు, లేతగా ఉంటే తేలిక అనుకుంటారు. అది సరికాదు. సిగారుకు మూడు భాగాలు: లోపలి కూరు, దాన్ని పట్టి ఉంచే కట్టాకు, పైన చుట్టే పై ఆకు. కనిపించేది పై ఆకు ఒక్కటే. బరువులో దాని వాటా కొద్ది. ఎక్కువ కాలం మగ్గబెడితే ఆకు నల్లబడుతుంది. అంతమాత్రాన నికొటిన్ పెరగదు. ఘాటు తేలేది ముఖ్యంగా కూరులో.

కూరులో ఏ ఆకు పెట్టారన్నది అసలు ప్రశ్న. క్యూబాలో ఒకే మొక్క ఆకులను మూడు వర్గాలుగా విడదీస్తారు. అడుగు ఆకు వొలాడో. తేలిక, బాగా కాలుతుంది. నడి ఆకు సెకో, వాసన దానిది. కొస ఆకు లిహేరో; ఎండ నేరుగా తగిలి, మందంగా, జిగటగా, ఘాటుగా ఉంటుంది. లిహేరో పాలు పెంచితే సిగారు ఘాటెక్కుతుంది, తగ్గిస్తే తేలికవుతుంది. తేలిక, మధ్యరకం, ఘాటు అని దుకాణంవాడు చెప్పే మాటలకు మూలం ఈ పాళ్ళే. మన రైతూ అడుగు ఆకు, నడి ఆకు, కొస ఆకు వేరుచేస్తాడు. తేడా ఎక్కడంటే మన పల్లె చుట్టలో ఈ కలపడం తక్కువ. ఏ ఆకు దొరికితే ఆ ఆకునే తడిపి, ఈనె తీసి, చేత్తో చుట్టి, దారంతో కట్టేవారు. ఆకు ఘాటంతా చుట్టలోకి దిగేది. అందుకే చుట్టకు అలవాటుపడినవాడికి సిగరెట్టు గాలి పీల్చినట్టు ఉండేది.

ఇందులో రసాయనం కూడా ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పండే వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడిగాలికి ఎండబెడతారు. త్వరగా ఎండుతుంది కనుక ఆకులో చక్కెర మిగిలిపోతుంది. దాని పొగకు కొంచెం పులుపు గుణం. అలాంటి పొగలోని నికొటిన్ నోట్లో ఇంకదు; ఊపిరితిత్తుల్లోకి పీలిస్తేనే ఎక్కుతుంది. సిగరెట్టు తాగేవాడు పొగ మింగేది అందుకే. చుట్ట ఆకు నెమ్మదిగా ఆరి, మగ్గేటప్పటికి చక్కెర హరించుకుపోతుంది. దాని పొగకు క్షారగుణం. ఆ పొగలోని నికొటిన్ బుగ్గల లోపలి పొర నుంచే నెత్తురులో కలుస్తుంది. కాబట్టి "నేను పొగ మింగను, నాకేం కాదు" అనే మాటకు చుట్ట విషయంలో సగం విలువే ఉంది. పొగ మింగకపోయినా తల తిరుగుతుంది. తిరిగిందంటే నికొటిన్ లోపలికి పోయిందనే అర్థం.

కారానికీ ఘాటుకీ తేడా ఉందని పైన అన్నాం. గొంతులో మంట, దగ్గు తెప్పించేది కారం. తల తిప్పి, చెమట పట్టించి, కడుపులో వికారం పుట్టించేది ఘాటు. బాగా మగ్గిన మంచి సిగారులో కారం ఉండదు. నున్నగా, కమ్మగా ఉంటుంది. కొత్తవాడు ఆ కమ్మదనం చూసి ఇది తేలికరకం అనుకొని గబగబా పీలుస్తాడు. పావుగంట గడిచాక గోడ పట్టుకుంటాడు. పల్లెల్లో కొత్తగా చుట్ట పట్టిన కుర్రవాళ్ళకు జరిగిందీ ఇదే.

పెద్దలు పాటించిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఖాళీ కడుపున తాగేవారు కారు, భోజనం చేశాకే. నిప్పు ఆరకుండా ఉంటే చాలు అన్నట్టు నెమ్మదిగా పీల్చేవారు. త్వరగా పీలిస్తే చుట్ట వేడెక్కి కారం పెరుగుతుంది. మొత్తం తాగేవారు కారు. కొంత మేర కాల్చి నుసి దులిపి, ఆర్పి, చెవి మీదో చూరులోనో పెట్టేవారు. ఇందులో పొదుపు ఒక్కటే లేదు. చుట్ట కాలేకొద్దీ తారూ నికొటినూ వెనక భాగంలో చేరతాయి. చివరి మూడో వంతు మొదటి మూడో వంతు కంటే ఘాటు. కొత్తవాడు అక్కడ ఆపేయడం మంచిదని ఈనాటి సిగారు పండితులు చెప్పేదీ అదే. ఇంకా ఒకటి: పొడుగూ లావూ పెరిగితే పొగాకు బరువు పెరుగుతుంది. ఒక పెద్ద సిగారులో ఒక పెట్టె సిగరెట్లంత పొగాకు ఉండవచ్చునని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో ప్రచురించిన గ్రంథం చెప్పింది. తేలికరకమని పేరున్న లావు సిగారు, ఘాటురకమని పేరున్న సన్న సిగారు కంటే ఎక్కువ నికొటిన్ ఎక్కించవచ్చు.

ఈ గడ్డ మీద

మనం ఉంటున్న ఈ దేశానికీ పొగాకు చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి పట్టణాల్లో మనీలా చుట్టలకు మంచి వాడుక. విక్టోరియా రాష్ట్రానికి ఈశాన్యాన ఓవెన్స్, కింగ్ నదుల లోయల్లో బంగారం కోసం వచ్చిన చీనావాళ్ళు గనులు వట్టిపోయాక పొగాకు పండించారు. ఇరవయ్యో శతాబ్దంలో వాళ్ళ తర్వాత ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఆ సేద్యం అందుకున్నాయి. క్వీన్స్‌లాండ్‌లో మరీబా ప్రాంతంలోనూ అంతే. మెల్బోర్న్ నుంచి మంచు చూడడానికి బ్రైట్ వైపు వెళ్ళే మన కుటుంబాలు దారిలో మిర్టిల్‌ఫర్డ్ దగ్గర పొలాల మధ్య ఎత్తైన పాత బట్టీలు చూసే ఉంటారు. అవి పొగాకు ఎండబెట్టిన బట్టీలు. ఒంగోలు, కందుకూరు వైపు పెరిగినవారికి ఆ ఆకారం చూడగానే బ్యారన్ గుర్తుకొచ్చి తీరుతుంది. 2006లో ఇక్కడ చట్టబద్ధమైన పొగాకు సేద్యం ముగిసింది. రైతులు ద్రాక్షకూ, ఇతర పంటలకూ మళ్ళారు.

ఘాటు విషయంలో ఈ దేశం నేర్పిన పాఠం ఒకటుంది. చాలా ఏళ్ళపాటు సిగరెట్టు పెట్టెల మీద 'లైట్', 'మైల్డ్' అనే మాటలు ఉండేవి. కొనేవారు అవి ఆరోగ్యానికి తక్కువ హాని చేస్తాయని అనుకున్నారు. అది నిజం కాదు. తేలికది తాగేవాడు గట్టిగా పీల్చి, లోపలికి మింగి, లోటు భర్తీ చేసుకుంటాడు. 2005లో ఇక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ పట్టుబట్టడంతో పెద్ద కంపెనీలు ఆ మాటలు తీసేయడానికి ఒప్పుకున్నాయి. 2012 డిసెంబరు 1 నుంచి పొగాకు పెట్టెలన్నీ ఒకే మురికి రంగులోకి మారాయి. ప్రపంచంలో ఈ పని మొదట చేసిన దేశం ఇదే. సిగార్లకూ మినహాయింపు లేదు. బంగారు రంగు పట్టీలు పోయాయి. గిరీశం చెప్పే గౌరవమంతా ఆ పట్టీల్లోనే ఉండేది కదా!

సుంకం మాట కూడా చెప్పాలి. సిగారు మీద ఇక్కడి సుంకం పొగాకు బరువును బట్టి ఉంటుంది. మన ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ చుట్టల కట్ట సామాన్లలో పెట్టుకుంటారు. 2017 జూలై నుంచి సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది ఇరవై అయిదు గ్రాములు, దానికి తోడు విప్పిన పెట్టె ఒకటి. అంతకు మించితే విమానాశ్రయంలో చెప్పి సుంకం కట్టాలి. చెప్పకుండా దాచడం వల్ల వచ్చే తలనొప్పి ఏ చుట్ట ఘాటుకూ తీసిపోదు.

అడ్డపొగ

ఇంతవరకూ చెప్పింది ముచ్చట. ఇక చెప్పవలసింది బాధ.

శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరప్రాంతంలో మన ఆడవాళ్ళు చుట్టను తిరగేసి తాగుతారు. నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని పెదవులు మూసి పొగ పీలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. ఎందుకలా అంటే రకరకాల జవాబులు వస్తాయి. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, నీళ్ళలో పని చేసేటప్పుడు తడవదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని, పొలంలో చంటిబిడ్డ మీద నుసి రాలదని. అమ్మ నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చిన అలవాటు. పంటి నొప్పికి మందని మొదలుపెట్టినవారూ ఉన్నారు. ఇలా తాగడం గోవాలోనూ, సార్డీనియా ద్వీపంలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ, కరీబియన్ ప్రాంతంలోనూ ఉంది కానీ వైద్యులు అన్నింటికంటే లోతుగా పరిశీలించిన చోట్లలో మన శ్రీకాకుళం ఒకటి.

అంగిలి మీద క్యాన్సర్ రావడం లోకంలో అరుదు. మన ఉత్తరాంధ్రలో అది అరుదు కాదని విశాఖపట్నం వైద్యులు 1930లలోనే గమనించారు. 1971లో డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థకు చెందిన ఫలీ మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిలి మీద అడ్డపొగ తెచ్చే మార్పులను వివరిస్తూ బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వ్యాసం ప్రచురించారు. ఇంటింటికీ తిరిగి, నోరు తెరిపించి, దీపం పెట్టి చూసి రాసిన లెక్క అది. అంతటితో ఆగలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని తీసుకొని, వాళ్ళకు నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం ఏళ్ళ తరబడి చేశారు. 1986లో 'లాన్సెట్' పత్రికలో దాని ఫలితాలు వచ్చాయి. నచ్చజెప్పిన చోట మానినవారు, తగ్గించినవారు పెరిగారు. నోటిలో క్యాన్సర్‌కు ముందు కనిపించే తెల్ల మచ్చలు కొత్తగా రావడం తగ్గింది.

ఈ లెక్కలో ఉన్నవాళ్ళు ఎవరో కాదు. మనలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారి అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు. ఇందులో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఏమిటంటే, ఘాటు ఎంచుకునే విద్య మగవాళ్ళకు ముచ్చటగా మిగిలింది. దానికి పద్యాలు, నాటకాలు, నిఘంటువులు, నవలలు దొరికాయి. ఆడవాళ్ళకు మాత్రం డాక్టరు దీపం వెలుగు దొరికింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు దొరికిందని మరొకడు సంతోషించాడన్న సామెత మనదే. చుట్ట చరిత్ర చెప్పేటప్పుడు లుంకా కథ చెప్పి అడ్డపొగ కథ దాటేస్తే ఆ రెండోవాడికీ మనకూ తేడా ఉండదు.

కనుక ఏం చెయ్యాలి?

మొదటి మాట మన ఇళ్ళకు వచ్చే పెద్దవాళ్ళ గురించి. ఆరునెలల వీసా మీద వచ్చే తల్లిదండ్రుల్లో ఎవరికైనా చుట్ట అలవాటు, ముఖ్యంగా అడ్డపొగ అలవాటు, ఉంటేగానీ, ఒకప్పుడు ఉండి మానేసినాగానీ, ఇక్కడి దంతవైద్యుడికి ఆ సంగతి విప్పి చెప్పండి. "పొగ తాగుతారా?" అని అడిగితే మన పెద్దావిడ తల అడ్డంగా ఊపుతుంది, సిగరెట్టు కాదు కనుక లేదనే అనుకుంటుంది. వైద్యుడు ఆ జవాబే రాసుకుంటాడు. నిప్పు కొస నోట్లో పెట్టుకుంటారన్న సంగతి అతను వినే ఉండడు. నాలుకా బుగ్గలే కాకుండా అంగిలి కూడా చూడమని మనమే అడగాలి. మాన లేని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ రెండు వారాలకు మించి ఉంటే ఊరికి వెళ్ళాక చూపిద్దామని వాయిదా వేయకూడదు. పెద్దవాళ్ళను తప్పుపట్టేలా అడిగితే చెప్పరు. మీ అమ్మగారు కూడా తాగేవారా, ఎవరు నేర్పారు అని కథలా అడిగితే అన్నీ చెబుతారు.

రెండో మాట దుకాణంలో నిలబడిన కొత్తవాడి గురించి. అతనికి మా సలహా: మొదలుపెట్టకపోతే అంతకంటే తేలికరకం లేదు. సరదాకు ఒక్కసారి అన్నా సరే, కూరు తేలికదని తెలిసిన సన్న సిగారు తీసుకోండి, భోజనం చేశాకే ముట్టించండి, పొగ మింగకండి, రెండు వంతులు కాలగానే ఆపండి. తల తిరిగితే పక్కన పెట్టి కూర్చోండి. రెండోదానికి చెయ్యి చాచినప్పుడు, తేలికరకం అనే మాట ఈ దేశంలో పెట్టెల మీద నుంచి ఎందుకు పోయిందో ఒకసారి గుర్తుచేసుకోండి. ఘాటు కొలిచేది తల తిరగడాన్ని. నోటికీ గొంతుకూ జరిగే హానిని కాదు. తేలికరకం సిగారూ క్యాన్సర్ తెస్తుంది.

మూడో మాట మన భాష గురించి. చుట్ట పోవాలని కోరుకోవడం వేరు. చుట్టతో పాటు మాటలన్నీ పోవాలని కోరుకోవడం వేరు. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది. 1976 జనవరిలో గుంటూరులో పొగాకు బోర్డు ఏర్పడింది. శాస్త్రం, వ్యాపారం రెండూ ఇంగ్లీషులో భద్రంగా ఉన్నాయి. లంక రైతు ఆకు వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకొని చెప్పే మాటలు మాత్రం ఏ ఫైలులోనూ లేవు. లంకల్లో చాలా ఇప్పుడు 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఉన్నాయి. ఆ ఊళ్ళ నుంచి, అలాగే శ్రీకాకుళం నుంచి, ఒంగోలు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మన మధ్య ఉన్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలను వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, ఆకు ఎలా కోశారు, ఎలా మగ్గబెట్టారు, ఏ ఆకును ఏమనేవారు, ఎవరి అమ్మమ్మ అడ్డపొగ తాగేది, ఆమెకు ఏమయింది అని అడిగి రాయించండి. ఒక పేజీ అయినా సరే, పెన్సిలుతో రాసినా సరే, మాకు పంపండి. వచ్చినవన్నీ కలిపి తర్వాతి సంచికల్లో వరసగా వేస్తాం.